మల్బరీ బెరడూ నా ముంజేయీ

మా అమ్మ వంకాయ కోసేటప్పుడు పక్కన ఉప్పునీళ్ళ గిన్నె తప్పకుండా ఉంటుంది. ముక్క కత్తిపీట దిగీ దిగగానే ఆ నీళ్ళలో పడాలి, లేకపోతే నల్లబడుతుంది. చిన్నప్పుడు నేను ఎదురుగా కూర్చుని చూస్తుంటే, ముక్కనూ నన్నూ మార్చి మార్చి చూసి, "నిన్ను గూడ పుట్టంగానే ఇట్ల ఉప్పునీళ్ళలో ఏసుండాల్సింది పాపా, మర్సిపోతిని" అనేది. ఇంట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆ మాట మళ్ళీ అంటారని భయం. నవ్వినా మళ్ళీ అనేవాళ్ళనుకోండి.

పెద్దయ్యాక తెలిసింది, అమ్మ ఎగతాళిలో సైన్సు ఉందని. కోసిన వంకాయను నల్లబరిచేదీ, నన్ను ఈ రంగున పుట్టించిందీ దగ్గరి చుట్టాలే. టైరోసిన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంటుంది. మనం తినే పప్పులో, పాలలో ఉండేదే. చర్మంలో రంగు చేసే కణాలు కొన్ని ఉంటాయి. వాటిలో టైరోసినేజ్ అనే ఎంజైమ్ ఆ అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, దానికి ఆక్సిజన్ కలిపి, మెల్లగా నల్లరంగు చేస్తుంది. ఎంజైమ్‌ను ఆపితే నలుపు ఆగుతుంది. దాన్ని ఆపే పదార్థం ఏ చెట్టులో ఉందో, ఏ వేరులో ఉందో వెతకడమే నా ఉద్యోగం. నాలాంటి నల్లవాళ్ళందరినీ ఉప్పునీళ్ళలో వేయడానికి నాకు జీతం ఇచ్చేవాళ్ళన్నమాట. అమ్మకు ఇది చెప్పినప్పుడు చాలా సంతోషించింది.

మాది బెంగళూరు పక్కన హెబ్బగోడి. తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళమే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ, కోపం వస్తే రెండూ. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక నాయన మేడ మీద గదులు కట్టి అద్దెకిచ్చి, కొన్నాళ్ళకు పోయాడు. ఆ గదుల్లో బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టే ఆడపిల్లలుంటారు. పొద్దున షిఫ్టుకు పోయేముందు మెట్ల దగ్గర అద్దం పెట్టుకుని, ఒక్క ట్యూబు క్రీమును అందరూ పంచుకుంటారు. ట్యూబు అయిపోతే కత్తెరతో చీల్చి, లోపల అంటుకున్నది కూడా వేలితో తీసి పూసుకుంటారు. నేను పక్కనుంచి పోతుంటే ఆపి, "అక్కా, మీ కంపెనీలో మంచి క్రీము ఏదన్నా తయారైతే చెప్పండక్కా" అంటారు. నా మొహం చూసి కూడా ఆ మాట అడగగలుగుతున్నారంటే, క్రీము మీద వాళ్ళకు ఎంత నమ్మకమో చూడండి.

అదే ఇంట్లో మా చిన్నమ్మ ఉంటుంది. అమ్మకు చెల్లెలు. ఆమెకు చిన్నతనంలోనే వేళ్ళ చివర్ల తెల్లమచ్చలు వచ్చాయి. తర్వాత పెదవులకు, తర్వాత కళ్ళ చుట్టూ, ఇప్పుడు మెడ దాకా. బొల్లి. ఊరంతా తెల్లబడాలని ట్యూబులు చీల్చుకుంటుంటే, అడగకుండా తెల్లబడిన మనిషి మా ఇంట్లో ఒక మూల కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూ ఉంటుంది. ఆమెను ఎవరూ పెళ్ళి చేసుకోలేదు. ఎవరి పెళ్ళికీ పిలవనూ లేదు. ఎవరైనా మొహమాటానికి పిలిచినా, "ఇంటికి ఎవురన్నా కాపలా ఉండాల గదా" అని అమ్మ ఆమెను ఆపేసేది. మా ఇంటికి ఇంతవరకూ దొంగ రాలేదు. చిన్నమ్మ ఇంతవరకూ ఏ పెళ్ళికీ పోలేదు.

మా ఇంట్లో స్టీలు సామాన్లన్నిటి మీదా నాయన పేరు ఉంటుంది. కొన్న అంగడిలోనే పేరు కొట్టించుకుని తెచ్చుకోవడం మావాళ్ళ అలవాటు. ఒక్క గ్లాసు మీదా, ఒక్క పళ్ళెం మీదా మాత్రం చిన్నమ్మ పేరుంది. ఆ గ్లాసు మిగతావాటితో అలమరలో ఉండదు, వంటింటి కిటికీ గట్టు మీద బోర్లించి ఉంటుంది. చిన్నమ్మ తాగి, తనే కడిగి, తనే బోర్లిస్తుంది. చూసినవాళ్ళు ఆమెకు ఈ ఇంట్లో ఎంత మర్యాదో అనుకోవచ్చు. ఆ పేరు ఎవరూ పొరపాటున అందులో తాగకుండా ఉండడానికి కొట్టించింది.

ఇది అంటువ్యాధి కాదని నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచీ అరుస్తూనే ఉన్నాను. ఆ గ్లాసు తీసుకుని అమ్మ ఎదురుగానే నీళ్ళు తాగాను. అమ్మ కోప్పడలేదు, భయపడలేదు. "నాకు తెలీదా పాపా అంటుకోదని? డాక్టరే చెప్పినాడు గదా. అయినా ఇంటికి నలుగురూ వస్తాంటారు, వాళ్ళు చూస్తారు" అంది. తెలియక చేసేవాళ్ళకు తెలియజెప్పవచ్చు. తెలిసి చేసేవాళ్ళతో నాకు ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు. చిన్నమ్మ అయితే నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, "నీకేల ఈ గలాటా" అని మళ్ళీ కిటికీలో పెట్టేసింది. ఆమె ఎప్పుడూ నన్ను తాకేది కాదు. గ్లాసు లాక్కునేటప్పుడు కూడా వేళ్ళు తగలకుండా లాక్కుంది.

రంగు ఎలా వస్తుందో, ఎలా పోతుందో తెలుసుకోవాలని నేను ఈ చదువు చదివింది ఆమె కోసమే. ఉద్యోగం మాత్రం రంగు పోగొట్టే చోట దొరికింది. రంగు తెప్పించే చోట ఉద్యోగాలు లేవు, కొనేవాళ్ళు లేరు.

మా లాబ్ ఇంటికి దగ్గరే, పారిశ్రామిక వాడలో. క్రీములు చేసే పెద్ద కంపెనీలు తమకు కావలసిన పదార్థాన్ని మాలాంటి చిన్న లాబ్‌ల చేత వెతికించుకుంటాయి. మా సార్ కోస్తా వైపు మనిషి. తెల్లగా, నున్నగా ఉంటాడు, ఎప్పుడూ గొంతు పెంచడు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు నా సర్టిఫికెట్ల కంటే నా చేతుల్నే ఎక్కువసేపు చూశాడు. ఆడదానికి కొన్ని చూపులు తెలుస్తాయి, ఇది ఆ రకం చూపు కాదు. మరి ఏ రకమో కొన్నాళ్ళకు గానీ తెలిసిరాలేదు.

మా లాబ్‌లో ఒక ఆచారం ఉండేది. అసలైన చర్మపరీక్షలు బయట, అనుమతులు తీసుకుని, డాక్టర్ల ఎదుట జరగాలి. కానీ ఏ నమూనా అయినా అంత దూరం పోయేముందు, మాలో ఒకరు ముంజేతి లోపలివైపు కాస్త పూసుకుని, పైన ప్లాస్టర్ వేసుకుని తిరిగేవాళ్ళం. "మన వంట మనం రుచి చూడకుండా వడ్డిస్తామా అమ్మా" అనేవాడు సార్. ఆయన ఎప్పుడూ రుచి చూడలేదు. "నాది ఫెయిర్ స్కిన్ కదా, రిజల్ట్ కనపడదు" అనేవాడు, అదేదో పెద్ద లోటైనట్టు. హూడి నుంచి బస్సులు మారి వచ్చే ఒక జూనియర్ అమ్మాయి ఉండేది. ఆమెదీ పచ్చటి ఒళ్ళు, పనికిరాదన్నారు. అందరిలోకీ నల్లటిది నా చెయ్యి. పనికొచ్చింది. అతిమధురం వేరు, దానిమ్మ తొక్క, ఇంకా పేర్లు మర్చిపోయిన ఏవేవో నా ఎడమ ముంజేతి మీద పడుకుని లేచిపోయాయి. దురద తప్ప ఏమీ చేయలేదు. జీవితంలో మొదటిసారి నా రంగు ఒక అర్హత అయింది కదా అని కొంత గర్వపడ్డాను కూడా. దిక్కుమాలిన గర్వం.

తర్వాత మల్బరీ వచ్చింది. పట్టుపురుగులు ఆకులు తినేశాక మిగిలిన కొమ్మల్ని రామనగర వైపు రైతులు మూటలు కట్టి పంపేవాళ్ళు. ఆ బెరడులో టైరోసినేజ్‌ను నిజంగా ఆపే పదార్థముంది. ఎంజైమ్ నోట్లో గుడ్డ కుక్కినట్టు పోయి కూర్చుంటుంది. నమలడానికి రాదు, ఉమ్మడానికి రాదు. అది చాలా మంచి పదార్థం, నాకు ఇష్టమైంది కూడా. కానీ చర్మంలోకి దిగదు. పైపైనే ఉండి, కడిగితే పోతుంది. అందుకని మా కెమిస్టులు దాన్ని కత్తిరించి, మిగిలిన ముక్కకు కొవ్వులో కరిగే చిన్న తోక తగిలించారు. ఇక నూనెలాగా దిగిపోతుంది. కత్తిరించాక ఆ ముక్క అచ్చం టైరోసిన్‌లాగే తయారైంది. బొమ్మ గీసి పక్కపక్కన పెడితే కవలపిల్లలే. ఎంజైమ్ బాగా మోసపోతుందని అందరూ మురిసిపోయారు. మోసపోయిన ఎంజైమ్ తర్వాత ఏం చేస్తుందని మాత్రం ఎవరూ అడగలేదు.

పరీక్ష చాలా సులువు. మనిషి ఎంజైమ్ దొరకడం కష్టం, పుట్టగొడుగులో అదే జాతిది దండిగా దొరుకుతుంది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో పుట్టగొడుగు ఎంజైమ్ పోసి, దానికి అమైనో ఆమ్లం కలిపితే, కాసేపటికి కాఫీ డికాక్షన్ రంగు వస్తుంది. మన పదార్థం కూడా కలిపితే ఆ రంగు రాకూడదు. రాకపోతే ఎంజైమ్ ఆగినట్టు. రంగు ఎంత వచ్చిందో చూడడానికి మిషను ఉంది, అది ఒక్క డికాక్షన్ రంగునే చూస్తుంది. మిగతా రంగులు దానికి కనపడవు, దానికి ఎవరూ చూడమని చెప్పలేదు కాబట్టి. తోకముక్క కలిపిన గుంటలన్నీ నీళ్ళలాగా ఉండిపోయాయి. మిషను మెచ్చుకుంది. సార్ స్వీట్లు తెప్పించాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. పళ్ళేన్ని బల్ల మీదే వదిలేసి భోజనానికి పోయాను. తిరిగొచ్చి, పారేయబోతూ తెల్ల టిష్యూ మీద పెట్టి చూశాను. నీళ్ళలాగా ఉండాల్సిన గుంటలు లేత పసుపుగా ఉన్నాయి. పసుపేమిటి? ఈ కథలో పసుపు లేదే. పళ్ళేన్ని పారేయలేదు.

మర్నాడు అమైనో ఆమ్లం పూర్తిగా మానేసి, ఎంజైమూ తోకముక్కా మాత్రమే కలిపి పెట్టాను. పసుపు వచ్చింది. ఎంజైమ్ లేకుండా తోకముక్క ఒక్కటే పెట్టాను. నీళ్ళలాగే ఉంది. ఇక తెలుసుకోవాల్సిందేమీ లేదు. ఎంజైమ్ ఆగలేదు. అమైనో ఆమ్లాన్ని పక్కన పెట్టి, మేము పెట్టినదాన్ని తింటోంది. తిని వేరే దేన్నో చేస్తోంది. ఆ వచ్చేది ఎలాంటిదో పుస్తకాలు చదివినవాళ్ళకు తెలుసు. కనపడిన ప్రోటీన్‌కల్లా అంటుకుని దాన్ని పాడుచేసే రకం. ఆ ఎంజైమ్ శరీరంలో ఎక్కడ ఉంటుంది? రంగు చేసే కణంలోనే. అంటే ఆ కణం తన చేతులతో తనే విషం వండుకుని తిని చస్తుంది. అది చస్తే రంగు తగ్గడం కాదు, ఆ చోట రంగు అనేదే మళ్ళీ పుట్టదు. అలాంటి చర్మం ఎలా ఉంటుందో నేను రోజూ వంటింట్లో చూస్తున్నాను.

సార్ దగ్గరికి పళ్ళెం పట్టుకుపోయాను.

"ఎల్లో కాంపౌండ్‌దే అయ్యుంటుందమ్మా" అన్నాడు.

"కాంపౌండ్ ఒక్కటే పెడితే రాలేదు సార్. ఎంజైమ్ ఉంటేనే వస్తోంది. ఇది దాన్ని ఆపే ఇన్‌హిబిటర్ కాదు, దానికి మేత."

"మంచిదే కదా. మేత తింటూ ఉంటే బ్లాక్ కలర్ చేయడానికి తీరిక ఉండదు. క్లయింట్ అడిగింది ఆ నలుపు రాకూడదని. వచ్చిందా?"

"రాలేదు. కానీ కణాలు చస్తాయి సార్. బొల్లి వస్తుంది."

ఆయన చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ ఒళ్ళు మండిస్తుంది. "నీ ఇంట్లో ఎవరికో ఉంది కదా, అందుకని నీకు అన్నిచోట్లా అదే కనపడుతోంది. సైన్స్‌లో ఎమోషన్ పనికిరాదు. సరే, నీ డౌట్ నువ్వే తీర్చుకో. ఎలాగూ నీ చెయ్యే కదా చూసేది. ఏమైనా వస్తే నువ్వు రైట్. అప్పుడు ఆపేద్దాం."

ఆ మాటలో ఉన్న దుర్మార్గం నాకు అప్పుడే అర్థమైంది. నేను గెలవాలంటే నా చర్మం చావాలి. చావకపోతే నేను ఎమోషనల్ ఆడదాన్ని, తోకముక్క ట్యూబుల్లోకి పోతుంది, మెట్ల దగ్గరి పిల్లలు దాన్ని చీల్చుకుని పూసుకుంటారు. పోనీ నేను వద్దంటే? ఆచారం ఆచారమే, నా తర్వాత నల్లగా ఉన్నది మా లాబ్ ఊడ్చే ఆమె. ఆమెను అడిగితే కాదనదు, ఎందుకు ఏమిటని కూడా అడగదు. అక్కడే ఆయన ముందే చొక్కా చెయ్యి పైకి మడిచాను.

"ఏమైనా వస్తే ఆపేస్తారు. మాట ఇస్తున్నారు కదా సార్?"

"అంతే కదమ్మా" అన్నాడు.

రోజూ పొద్దున పూసుకునేదాన్ని, పైన ప్లాస్టర్ వేసుకునేదాన్ని. మొదట్లో కాస్త రంగు తగ్గినట్టు అనిపించింది. సార్ రోజూ వచ్చి, కూరగాయలు బేరం చేసేవాడిలాగా నా చెయ్యి తిప్పి చూసి పోయేవాడు. తర్వాత ప్లాస్టర్ కింద చిన్న చిన్న సున్నపు చుక్కలు లేచాయి. అవి ఒకదానితో ఒకటి కలిశాయి. మా లాబ్‌లో, వేరుచేసిన పదార్థాల మచ్చలు కనపడడానికి నీలం దీపం ఒకటి వాడతాం. తలుపు మూసి, దీపం వేసి, చెయ్యి దాని కింద పెట్టాను. రంగు కేవలం తగ్గిన చర్మం ఆ దీపం కింద మెరవదు. నాది మెరిసింది. చిన్నప్పుడు అమ్మతో పాటు చిన్నమ్మను ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు, డాక్టరు చీకటిగదిలో ఇలాంటి దీపమే ఆమె వేళ్ళ మీద వేశాడు. ఆమె వేళ్ళు అచ్చం ఇలాగే మెరిశాయి. అప్పుడు నాకు అది చాలా అందంగా కనపడింది. ఇప్పుడు దీపం ఆర్పేసి, తలుపు వేసే ఉంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఏడ్చి, మొహం కడుక్కుని, సార్ దగ్గరికి పోయి చెయ్యి చాపాను. నేను గెలిచాను కదా.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. చూస్తూనే లేచి నిలబడ్డాడు. "ఎక్సలెంట్" అన్నాడు. "కదలకు, కదలకు" అంటూ ఫోన్ తీసి, కిటికీ వెలుతురులో నా చెయ్యి పెట్టించి ఫొటోలు తీశాడు. "ఈ కాంట్రాస్ట్ చూడు! చుట్టూ ఇంత డార్క్, మధ్యలో ఇంత క్లియర్. ఫెయిర్ స్కిన్ మీద ఇలా వచ్చేదా?"

"సార్, ఇది తెల్లబడడం కాదు. చచ్చిపోయింది. దీపం కింద మెరుస్తోంది. మీరు ఆపుతానన్నారు."

"ఏమైనా వస్తే ఆపుతానన్నాను. వచ్చింది రిజల్టే కదా. డోస్ తగ్గిస్తే సరిపోతుంది. ఈవెన్‌గా వస్తుంది."

జూనియర్ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఏమైనా అంటుందేమోనని చూశాను. "అక్కా, మీ నెయిల్స్ కొంచెం కట్ చేసుకుని ఉంటే ఫొటో ఇంకా బాగుండేది" అంది.

ఆ ఫొటో క్లయింట్‌కు చూపించే స్లైడ్లలోకి పోయింది. ముందు ఒకటి, తర్వాత ఒకటి. చెయ్యి ఎవరిదో రాయలేదు. పుట్టినప్పటి నుంచీ నా ఫొటో అడిగినవాళ్ళు లేరు, పెళ్ళిచూపులకు కూడా అమ్మ పౌడర్ వేసి, లైటు కింద నిలబెట్టి తీయించింది. మొదటిసారి ఏ మార్పూ చేయకుండా నా చర్మం ఒక పెద్ద హాల్లో గోడంత కనపడింది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారని సార్ వచ్చి చెప్పాడు.

నేను ఆ వారమే మానేశాను. ఎక్కడ చెప్పాలో అక్కడ, అనుమతులిచ్చే ఆఫీసులో, చెప్పాను కూడా. ప్లాస్టర్ నువ్వే వేసుకున్నావు కదా, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. ఎవరూ చేయలేదు.

ఇంట్లో పొడుగు చేతుల కుర్తాలు వేసుకుని కొన్నాళ్ళు దాచాను. ఒక పొద్దున వంటింట్లో గిన్నెలు తోముతుంటే చెయ్యి పైకి జరిగింది. చిన్నమ్మ చూసింది. పప్పు పళ్ళెం పక్కన పెట్టి లేచొచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. నాకు ఊహ తెలిశాక ఆమె నన్ను తాకడం అదే మొదలు. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి, నేను అనుకున్నదానికంటే మెత్తగా ఉన్నాయి. మచ్చ చుట్టూ బొటనవేలితో రాసి చూసి, "ఇది నాదే పాపా" అంది.

అమ్మ వెనకనుంచి చూసింది. ఆమె అరుపుకు మేడ మీది పిల్లలు కిందికి దిగొచ్చారు. అరిచింది నా మీద కాదు, చెల్లెలి మీద. "లోటా ఏరే పెట్టినా, పళ్ళెం ఏరే పెట్టినా, అయినా అంటించేస్తివి గదే నా బిడ్డకి!"

"అమ్మా, అది అంటుకోదు. నీకు తెలుసు. డాక్టర్ చెప్పాడన్నావు. ఇది లాబ్‌లో పూసుకున్న మందు వల్ల వచ్చింది."

"తెల్లగ చేసే మందు గదా అది? అది ఇట్లెందుకు చేస్తాది? సాల్లే, నువ్వు దాన్ని ఎనకేసుకు రావద్దు. కాలేజీకి పోతాన్నప్పుడు దాని లోటాలో నీళ్ళు తాగినావు, నాకు గుర్తుండాది."

చదువుకున్న సార్ నా చేతి మీది చావును చూసి ఫలితమన్నాడు. చదువుకోని అమ్మ అదే చేతిని చూసి అంటువ్యాధి అంది. ఎంజైమ్ చేసిందని నేను ఒక్కదాన్నే అంటున్నాను. చిన్నమ్మ మాత్రం అక్కడే నిలబడి, నన్ను పట్టుకున్న తన చేతిని చీర కొంగుతో తుడుచుకుంటూ ఉంది, అందులో నిజంగా ఏదో ఉన్నట్టు.

తర్వాత మచ్చ మందు పూయని చోట్లకూ పాకింది. వేళ్ళ కణుపుల మీద, పెదవి పక్కన. ఒకసారి మొదలైతే శరీరం తన రంగు కణాల్ని తనే వేటాడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు తెలుసని చెప్పాను. మెట్ల దగ్గరి పిల్లలు క్రీముల గురించి నన్ను అడగడం మానేశారు. నేను దిగేటప్పుడు మెట్ల మీద దారి వదులుతారు, కాస్త ఎక్కువే వదులుతారు. కంపెనీ పేరు చెప్పకుండా వాళ్ళకు ఆ తోకముక్క గురించి చెప్పబోయాను. ఒక పిల్ల ధైర్యం చేసి, "మీకు పడలేదేమో అక్కా. కొందరికి పడదు గదా" అంది.

చివరికి తోకముక్క ట్యూబుల్లోకి పోలేదు. మానేసిన చాలా రోజులకు ఆ జూనియర్ అమ్మాయి బస్టాపులో కనపడి చెప్పింది. నా వల్లేనని ఒక్క క్షణం అనుకున్నాను. నా వల్ల కాదు. డబ్బాలో పెట్టిన క్రీము వేడికి మెల్లగా పసుపు తిరిగిందట. పసుపు రంగు క్రీము ఎవరు కొంటారని క్లయింట్ వద్దన్నారట. "మీరు అప్పట్లో ఎల్లో ఎల్లో అనేవారు కదక్కా, సార్ అది గుర్తు చేసుకున్నారు" అని కూడా చెప్పింది. మనిషి చర్మం చచ్చిపోతే ఆగని పని, క్రీము రంగు మారితే ఆగిపోయింది. నేను ఆ బస్టాపులో నిలబడి పిచ్చిదానిలాగా నవ్వాను. పక్కనున్నావిడ నా పెదవి పక్కన చూసి, కొంచెం అవతలికి జరిగి నిలబడింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచి హుషారుగా ఉంది. చందాపురలో స్టీలు అంగడికి పోయొచ్చిందట. కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు కొత్తది, తళతళలాడుతోంది. వేడిగా ఉంటే చెయ్యి మార్చుకుంటూ తిప్పాను. పక్కన పేరు కొట్టి ఉంది. ఇంట్లో బిందె నుంచి గరిటె దాకా ఏ వస్తువు మీదా లేని పేరు. నా పేరు.

"మిషన్‌లో వద్దు, చేత్తోనే కొట్టియ్యమన్నా. అక్షరాలు ఎంత బాగుండాయో చూడు" అంది అమ్మ. "నీకు అంటుకోదని నాకు తెల్సులే పాపా. అయినా ఇంటికి నలుగురూ వస్తాంటారు."

ఎన్నేళ్ళ నుంచో అరిచినదాన్ని, ఆ పూట కాఫీ తాగాను. కాఫీలో చక్కెర నాకు సరిపోయేట్టే వేసింది, అమ్మకు నా రుచి బాగా తెలుసు. తాగడం అయిపోయాక గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను. చిన్నమ్మ లేచొచ్చి చెయ్యి చాపింది. "ఇట్లియ్యి. నాదాంతో గూడ కడిగేస్తా" అంది. ఈసారి వేళ్ళు తగలకుండా జాగ్రత్త పడలేదు.

ఆమె రెండింటినీ కలిపి తోమి, కిటికీ గట్టు మీద పక్కపక్కన బోర్లించింది. అవి ఒకదానికొకటి తగులుతున్నాయి. అమ్మ చూసి కూడా ఏమీ అనలేదు. అవి రెండూ తగిలితే ఆమెకు అభ్యంతరం లేదు.